మూడు రోజుల ఆటలు, 363 కిలోల చెత్త: స్టేడియంలో రీసైక్లింగ్ సేవ ఎలా పనిచేసిందంటే

నేను 31 ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. విజయవాడలో ఏటా ఫిబ్రవరిలో మేము పాఠశాలల మధ్య ఆటల పోటీలు నడుపుతాము. 24 బడులు, 900 మందికి పైగా పిల్లలు, వాళ్లను చూడటానికి వచ్చే అమ్మానాన్నలు, తాతయ్యలు, అమ్మమ్మలు. పరుగు, లాంగ్‌జంప్, ఖోఖో, కబడ్డీ. మూడు రోజుల పాటు స్టేడియం కిక్కిరిసి ఉంటుంది. ఈ ఏడాది మొదటిసారి అక్కడి చెత్తను వేరుచేసి రీసైక్లింగుకు పంపే పనిని డబ్బిచ్చి ఒక సంస్థకు అప్పగించాము. అప్పటి నుంచి వేరే పోటీల నిర్వాహకులు ఫోన్లు చేసి ‘ఎలా చేశారండీ, పెట్టిన డబ్బుకు తగ్గ పని జరిగిందా?’ అని అడుగుతున్నారు. అందరికీ ఒకే మాటగా ఇక్కడ రాస్తున్నాను. సంస్థ పేరు మాత్రం రాయను. వాళ్ల పొరపాట్లలో కొన్నింటిని అక్కడికక్కడే సరిదిద్దుకున్నారు. పేరు బయటపెట్టి వాళ్ల పొట్ట కొట్టాలని నాకు లేదు.

మాట్లాడుకున్న మొత్తం 28,000 రూపాయలు, సగం ముందుగా. దానికి వాళ్లు ఇస్తామన్నవి: 12 చోట్ల డబ్బాలు, రోజుకు నలుగురు కుర్రాళ్లు, ఒక సూపర్‌వైజరు, రాత్రి ఎనిమిదింటికల్లా తడి చెత్త ఎత్తుకుపోయే బండి, ఆఖరి రోజున దేని తూకం ఎంతో రాసిచ్చే చీటీ. పోటీలు నడిపే మా సంఘం సమావేశంలో ఈ ఖర్చు మీద గంటసేపు వాదన జరిగింది. ‘ఈ డబ్బుతో 40 జతల బూట్లు వస్తాయి టీచరుగారూ. మన పరుగు పందేల పిల్లల్లో సగం మంది ఉత్తకాళ్లతోనే పరుగెత్తుతున్నారు’ అన్నారు మా కోశాధికారి. న్యాయమైన మాట. బూట్లకు వేరే దాతను వెతికే పూచీ నాది అని చెప్పి ఒప్పించాను. ఆ పూచీ తీర్చుకున్న తరువాతే ఇది రాయడానికి కూర్చున్నాను.

నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, 2002 నవంబరు 24న ఇందిరాగాంధీ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ జట్ల మధ్య వన్డే జరిగింది. మా బడి నుంచి పది మంది పిల్లలను తీసుకువెళ్లాను. మనవాళ్లు ఓడిపోయారు, సిరీస్ కూడా 4–3తో చేజారింది. పిల్లలు మొహాలు వేలాడేసుకుని మెట్లు దిగుతున్నారు. ఆ రోజుల్లో తాగునీళ్లు సీసాల్లో కంటే ప్యాకెట్లలో ఎక్కువగా దొరికేవి. ఆ ఖాళీ ప్యాకెట్లు మెట్ల నిండా పరుచుకుని ఉన్నాయి. సగం తాగి పారేసినవి కాలి కింద చిట్లిపోతున్నాయి. మా ఎనిమిదో తరగతి అమ్మాయి వాటి మీద జారి మోచెయ్యి గీసుకుంది. దాని చేతికి నా కొంగు చింపి కట్టు కడుతూ మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఈలోగా జనం పలచబడ్డారు. కింది వరుస నుంచి ఇద్దరు ఆడవాళ్లు పైకి వస్తున్నారు. ఒకామె ఊడుస్తోంది. రెండో ఆమె చీపురు తగలకముందే వంగి ప్లాస్టిక్ సీసాలు ఏరి, నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకుంటోంది. అప్పుడు నా కళ్లకు ఆమె పేదరికం ఒక్కటే కనిపించింది. స్టేడియంలో రీసైక్లింగ్ అంటే ఆమె చేతులే అని తెలుసుకోవడానికి నాకు ఈ ఫిబ్రవరి దాకా పట్టింది.

ముందు మెచ్చుకోవలసినవి చెబుతాను. వాళ్ల డబ్బాలు చాలా బాగున్నాయి. మూసి ఉండే పీపాలు కావు. ఇనుప చట్రానికి తగిలించిన వల సంచులు. లోపల ఏముందో బయటికి కనిపిస్తుంది. నీలం మూతకు సరిగ్గా సీసా పట్టేంత గుండ్రటి రంధ్రం ఉంది. ఆ రంధ్రాన్ని చూసిన పిల్లవాడికి ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు, చేతిలోని సీసా దానంతట అదే అటు వెళుతుంది. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం అని ఇళ్లలో అందరికీ అలవాటైన రంగులనే ఉంచారు. మూడోది బూడిద రంగు సంచి, దాని మీద ‘ఏ కొట్టూ కొననివి’ అని పెద్ద అక్షరాలతో రాశారు. ఆ రాత నాకు ఎంతో నచ్చింది. చిప్స్ ప్యాకెట్టు అందులో వేస్తూ ఒక అబ్బాయి ‘దీన్ని ఎందుకు కొనరు నాన్నా?’ అని తండ్రిని అడగడం నేను విన్నాను.

డబ్బాలు పెట్టిన చోటు మాత్రం మొదట బాగాలేదు. చూడముచ్చటగా ఉంటుందని పన్నెండింటినీ ప్రధాన ద్వారం దగ్గర వరుసగా నిలబెట్టారు. జనం తినేది గ్యాలరీలో, షామియానాల కింద, నీళ్ల డ్రమ్ముల పక్కన. తిన్నచోటి నుంచి ఇరవై అడుగులు దాటితే చేతిలోది కింద పడుతుంది. ఇన్నేళ్లు పిల్లల వెంట తిరిగి నేను నేర్చుకున్న లెక్క ఇది. చెప్పగానే సూపర్‌వైజరు ఒప్పుకుని, ఎండలో తనే చట్రాలు మోసి చోట్లు మార్చాడు. పాతికేళ్ల కుర్రాడు, మాట వినే గుణం ఉంది.

తరువాత తేలింది, నలుగురు మనుషులు చాలరని. మొదటి రోజు పదకొండు గంటలకు రెండు చోట్ల నీలం సంచులు విప్పించి చూశాను. పక్కన మనిషి నిలబడిన సంచిలో సీసాలు తప్ప మరొకటి లేదు. మనిషి లేని సంచిలో సీసాల మధ్య సగం తిన్న పులిహోర పొట్లం, అరటి తొక్కలు, తడిసిన కాగితపు ప్లేట్లు ఉన్నాయి. డబ్బాలు ఒకే రకం, రాతలు ఒకే రకం, జనం కూడా ఒకే రకం. ఆ మధ్యాహ్నమే ఆతిథ్యమిస్తున్న బడుల నుంచి తొమ్మిదో తరగతి పిల్లలు 16 మందిని తీసుకుని గంటకొకసారి మారేలా వంతులు వేశాను. వాళ్లు ఎవరినీ అదలించలేదు. ‘అది ఇటు అండీ’ అని చెయ్యి చూపిస్తే చాలు, పెద్దవాళ్లు కూడా సర్దుకున్నారు. మీరు పోటీలు పెట్టుకుంటే డబ్బాకొక మనిషిని లెక్కవేసుకోండి. సంస్థ అంతమందిని ఇవ్వలేకపోతే మీ పిల్లలనే నిలబెట్టండి. ఈలలు మాత్రం ఇవ్వకండి. నేను ఇచ్చి, కబడ్డీ రిఫరీకి ఇబ్బందిగా ఉందని అరగంటలో వెనక్కి తీసుకున్నాను.

సీసాల్లో మిగిలిన నీళ్ల సంగతి ఎవరూ ముందుగా ఆలోచించలేదు. సంస్థ వాళ్లు కూడా ఆలోచించలేదు. పిల్లలు రెండు గుక్కలు తాగి మూత పెట్టి సీసా పారేస్తారు. పది సీసాలు పడేసరికి సంచి బరువెక్కి చట్రం పక్కకు ఒరిగింది. వల తెగి సీసాలు దొర్లిపోయాయి. ప్రతి నీలం డబ్బా పక్కన ఒక బక్కెట్టు పెట్టించాము. ముందు నీళ్లు అందులో పోయాలి, తరువాత సీసా వల సంచిలో వేయాలి. సాయంత్రానికి 14 బక్కెట్ల నీళ్లు పోగయ్యాయి. అవన్నీ డబ్బు పెట్టి కొన్న తాగునీళ్లు! ఆ నీళ్లు చల్లితే కబడ్డీ మట్టి కోర్టులో దుమ్ము అణిగింది. ఆ బక్కెట్లను చూశాకే రెండో రోజు సీసాల పెట్టెలు సగానికి తగ్గించి 20 లీటర్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు పెట్టాము. ఎంగిలి భయం అక్కరలేదు, మన పిల్లలకు గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తిపోసుకుని తాగడం తెలుసు. తెలియనివాళ్లు ఒక్క పూటలో నేర్చుకున్నారు. మొదటి రోజు 17 కిలోల సీసాలు వస్తే, రెండో రోజు 11, మూడో రోజు 10.

భోజన విరామంలో సూపర్‌వైజరు పిల్లలకు చేసి చూపించిన ఒక చిన్న ప్రయోగం గురించి కూడా చెప్పాలి. సీసాను కత్తెరతో గోరంత ముక్కలుగా కోశాడు. మూతను కూడా కోశాడు. రెండూ కలిపి బక్కెట్టు నీళ్లలో వేసి చేత్తో తిప్పాడు. సీసా ముక్కలు మునిగిపోయాయి, మూత ముక్కలు తేలాయి. సీసా అడుగున త్రికోణంలో 1 అని ఉంటుంది, అది పెట్ అనే ప్లాస్టిక్, నీటికంటే బరువైనది. మూత వేరే జాతి, నీటికంటే తేలిక. కర్మాగారాల్లో కూడా ముక్కలు చేసి నీళ్లలో వేసి ఇలాగే విడదీస్తారు. 2010 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీల్లో బ్రెజిల్, పోర్చుగల్, నెదర్లాండ్స్ ఆటగాళ్లు వేసుకున్న నైకీ చొక్కాలు పాత సీసాలను కరిగించి తీసిన నూలుతో నేసినవే, ఒక్కో చొక్కాకు ఎనిమిది సీసాల దాకా పట్టాయి. ఆ మాట నేను మైకులో చెప్పాక ఒక బడి జట్టు మొత్తం గ్యాలరీ కింద దూరి సీసాలు లెక్కపెడుతూ ఏరింది. పదకొండు మందికి 88 కావాలట. సంస్థకు నేనిచ్చే మార్కుల్లో ఒకటి పూర్తిగా ఈ ప్రయోగానికే.

బజ్జీల బండ్ల విషయం తొందరగా చెప్పేస్తాను. థర్మోకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచే నిషేధం. అయినా బండి కింద ఒక కట్ట ఉంటూనే ఉంటుంది. లోపల అమ్ముకోవడానికి చోటు ఇచ్చేటప్పుడే ‘ఆకు దొప్పలు తప్ప వేరేవి వాడకూడదు’ అని షరతు పెట్టి, మొదటి రోజుకు దొప్పలు మేమే కొనిచ్చాము. రెండో రోజు నుంచి వాళ్లే తెచ్చుకున్నారు. ‘కాగితం ప్లేటయితే నూనె పీల్చి మెత్తబడుతుందమ్మా, దొప్ప గట్టిగా నిలబడుతోంది’ అన్నాడు మిరపకాయ బజ్జీల ఆయన. పల్లీల పొట్లాలకు వార్తాపత్రికలు మాత్రం మాన్పించలేకపోయాను. అచ్చు సిరా తిండికి అంటుతుందని ఆహార భద్రతా సంస్థ వద్దంటూనే ఉంది. వచ్చే ఏడు దాని సంగతి చూడాలి.

మొదటి రోజు సాయంత్రం నాలుగున్నరకు, నిండిన వల సంచులు ఒక మూలకు చేరుస్తున్నారు. ఆ స్టేడియంలో ఏడాది పొడవునా ఊడ్చే ఆరుగురు మహిళలు కాస్త దూరంగా నిలబడి చూస్తున్నారు. వాళ్లలో పెద్దామెకు యాభై దాటి ఉంటాయి. నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది.

‘మేడమ్, ఈ సీసాలు వీళ్లు పట్టుకుపోతారా?’

‘అవునమ్మా, రీసైక్లింగుకు పంపిస్తారు.’

‘మేము కూడా అక్కడికే పంపేవాళ్లము మేడమ్. పాత సామాన్ల కొట్టుకు వేస్తే, వాళ్లు ఆటోనగర్‌కు వేస్తారు. ఇప్పుడు మాకు ఊడ్చే పని ఒక్కటే మిగిలింది.’

నాకు నోట మాట రాలేదు. ఆమె కోపంగా కూడా అనలేదు. పెద్ద కార్యక్రమం జరిగిన ప్రతిసారీ ఆరుగురూ సీసాలు, అట్టలు ఏరి సమంగా పంచుకుంటారట. ధర పడిపోయినప్పుడు ఇంటి వెనుక బస్తాల్లో దాచి, పెరిగాక అమ్ముతారట. ఆమె ఇల్లు సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు రెండు నెలలుగా పోగేసిన బస్తాలు నీళ్లలో కొట్టుకుపోయాయి. ‘ఇంట్లో సామాను పోయిందని లెక్క రాసుకున్నారు మేడమ్. సీసాల బస్తాలకు లెక్క ఎవరు రాస్తారు?’ అంది.

సూపర్‌వైజరును పిలిచాను. అతను ఒప్పందం కాగితం తెచ్చి చూపించాడు. ‘సేకరించిన పునర్వినియోగ వస్తువులపై సర్వహక్కులూ సంస్థవే’ అని నాలుగో పేజీలో ఉంది. కింద నా సంతకం ఉంది. ఆ వాక్యం చదవకుండా సంతకం చేసిన తప్పు నాది. ఆ రాత్రి వాళ్ల యజమానికి ఫోన్ చేశాను. ఆ డబ్బు కూడా లెక్కలోకి తీసుకునే 28,000 చెప్పామని ఆయన మొదట అన్నారు. నేను ఒకటే అడిగాను: ‘ఈ స్టేడియంలో ఇన్నేళ్లుగా మీ పని ఉచితంగా చేస్తున్నది వాళ్లు. రీసైక్లింగ్ పేరు చెప్పి వాళ్ల నోటి దగ్గర కూడు తీసుకుంటే, ఏ మొహంతో పిల్లలకు పాఠం చెప్పాలి?’ కాసేపు మౌనంగా ఉండి, ‘సరేనండీ, అమ్మగా వచ్చింది వాళ్లకే ఇచ్చేద్దాం’ అన్నారు. పైసా అదనంగా అడగలేదు. ఇందుకు ఆయనకు నమస్కారం పెడుతున్నాను.

రెండో రోజు ఉదయం నుంచి వేరుచేసే బల్ల దగ్గర ఆ ఆరుగురే కూర్చున్నారు. వాళ్లకు సాయంగా సంస్థ కుర్రాళ్లు మోత పని చేశారు. పని ఎంత తెలుసో అప్పుడు చూశాను. పెద్దామె సీసాను పిడికిట్లో ఒక్కసారి నలిపి, ఆ చప్పుడును బట్టి ఇటో అటో వేస్తుంది. పెళపెళమంటే ఒక కుప్ప, మొద్దుగా ‘బొప్’ అంటే ఇంకో కుప్ప. త్రికోణంలో అంకె కోసం ఎప్పుడూ వెతకదు. తెల్ల సీసాలు, ఆకుపచ్చ సీసాలు వేర్వేరు, తెల్లవాటికి ధర ఎక్కువ. మూత సగం విప్పి, మడమతో తొక్కి గాలి తీసి, మళ్లీ మూత బిగిస్తుంది. సీసా చపాతీలా అణిగి అలాగే ఉండిపోతుంది. కుర్రాళ్లు ఒక బస్తాలో కుక్కిన దానికి రెండింతలు ఆమె బస్తాలో పట్టాయి. సూపర్‌వైజరు పక్కన నిలబడి నేర్చుకున్నాడు.

మజ్జిగ ప్యాకెట్ల కిటుకు కూడా వాళ్లదే. మన ఎండకు పిల్లలకు మజ్జిగ తప్పదు. మూల కొరికి, ఆ ముక్కను ‘తూ’ అని ఊసి, తాగి, ప్యాకెట్టు పారేస్తారు. ఆ గోరంత మూలలు గడ్డిలో వందల కొద్దీ ఇరుక్కుంటాయి. ఎవరూ ఏరలేరు, ఏ చీపురుకూ రావు. ప్యాకెట్టు కడగకుండా సంచిలో వేస్తే పూట తిరక్కుండా పులిసి కంపు కొట్టి, కొట్టువాడు తీసుకోడు. సంస్థ ప్రణాళికలో ఇవి ‘ఏ కొట్టూ కొననివి’ కింద ఉన్నాయి. పెద్దామె ఒప్పుకోలేదు. ‘పాల కవరుకు కొట్టులో ధర ఉంది మేడమ్, కడిగితే చాలు’ అంది. బక్కెట్లలో పోగైన నీళ్లనే తొట్టిలో పోసి, ప్యాకెట్లు చీల్చి, జాడించి, షామియానా గుంజల మధ్య తాడు కట్టి ఆరేసింది. గాలికి ఆ వరుస పండగ తోరణంలా ఊగుతుంటే పిల్లలు వచ్చి చూశారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతి మైకులో అరగంటకొకసారి చెప్పింది: ‘మూల తెంపకండి, పక్కకు చీల్చండి, ముక్క ప్యాకెట్టుకే ఉండాలి.’ మూడో రోజు సాయంత్రం లాంగ్‌జంప్ గుంత పక్కన మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. నాకు దొరికినవి తొమ్మిది మూలలు.

ఇక ఫిర్యాదులు. పెద్దది రెండో రోజు రాత్రిది. ఎనిమిదింటికి రావలసిన తడి చెత్త బండి రాలేదు. పదిన్నరకు కాపలా ఆయన ఫోన్ చేశాడు. మా అబ్బాయి స్కూటర్ మీద వెళ్లేసరికి కుక్కలు మూడు సంచులు చీల్చేశాయి. రోజంతా పిల్లలు నిలబడి వేరుచేయించిన అన్నం, తొక్కలు, కొబ్బరి చిప్పలు అన్నీ మట్టిలో కలిసి ట్రాక్ అంచు దాకా చెల్లాచెదురుగా ఉన్నాయి. చూస్తే ఏడుపు వచ్చింది. బండి దారిలో ఆగిపోయిందట. ఆగిపోవడం ఎవరి చేతిలోనూ లేదు. ఫోన్ చేసి చెప్పడం మాత్రం వాళ్ల చేతిలో ఉంది. అది చేయలేదు. తెల్లవారుజామున ఐదింటికి ఆ ఆరుగురూ వచ్చి, పిల్లలు వార్మప్‌కు దిగేలోపు శుభ్రం చేశారు. ఒక్కొక్కరికి 300 చొప్పున మేము ఇచ్చాము. సంస్థ తన బిల్లులో 2,000 తగ్గించుకుంది. అలా మాకు అసలు ఖర్చు 26,000, ఈ కూలీతో కలిపి 27,800.

రెండోది వాళ్ల బ్యానరు. ‘ఈ పోటీల చెత్త 100 శాతం రీసైక్లింగ్’ అని ద్వారం మీద కట్టారు. బూడిద రంగు సంచుల్లోది ఎక్కడికి వెళుతుందని అడిగితే సూపర్‌వైజరు దాచకుండా చెప్పాడు, ఇంధనంగా మండించడానికి సిమెంటు కొలిమికి పంపుతారట. చిప్స్ ప్యాకెట్టులో ప్లాస్టిక్, లోహం పల్చటి పొరలుగా అతుక్కుని ఉంటాయి, విడదీయడం చాలా కష్టం. టీ కాగితపు కప్పు లోపలా ప్లాస్టిక్ పొర ఉంటుంది. కాల్వ గట్టున పడి ఉండటం కంటే కొలిమిలో మండటం మేలే కావచ్చు. అయితే మండించడాన్ని రీసైక్లింగ్ అనకూడదు. 900 మంది పిల్లలు చదివే చోట తప్పు అంకె ఉండకూడదని పట్టుబట్టాను. మూడో రోజు ఉదయం ఆ అంకె మీద తెల్ల కాగితం అంటించారు.

చీటీ మాత్రం మాటిచ్చినట్టే ఇచ్చారు. కాంటా వేస్తున్నప్పుడు నేను, పెద్దామె పక్కనే ఉన్నాము. సీసాలు 38 కిలోలు, అట్టపెట్టెలు 64, మజ్జిగ ప్యాకెట్లు 6, తడి చెత్త 212, ఏ కొట్టూ కొననివి 43. మొత్తం 363. అంటే నూటికి 88 వంతులు మళ్లీ పనికి వచ్చేవిగానో ఎరువుగానో వెళ్లింది. కుక్కలు చెదరగొట్టి మట్టిపాలు చేసింది ఇందులో లేదు, అది కూడా కలిపితే ఈ అంకె కొంత తగ్గుతుంది. అమెరికాలో బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ స్టేడియంలో 2008లోనే ఇలాంటి పని మొదలుపెట్టింది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ‘జీరో వేస్ట్’ అని చెప్పుకోవడానికి గీత నూటికి 90 దగ్గర గీసుకున్నారు. వాళ్లు మొదట చూసుకున్నది లోపల ఏమి అమ్మాలనే విషయం. ఎరువుకో రీసైక్లింగుకో పనికిరాని ప్లేటు, కప్పు లోపలికి రానివ్వకపోతే, చివర్లో వేరుచేసే పని సగం తగ్గుతుంది. మా 43 కిలోల్లో పెద్ద వాటా టీ కప్పులదే. స్టీలు గ్లాసులు నీళ్లకు పెట్టినట్టే టీకి కూడా పెట్టి ఉంటే మేమూ ఆ గీత చేరేవాళ్లమని నాకు గట్టి నమ్మకం.

అమ్మిన లెక్క కూడా రాస్తాను, ఎవరూ దీన్ని రాయరు కనుక. సీసాలు కిలో 22 చొప్పున 836, అట్టలు 10 చొప్పున 640, ప్యాకెట్లు 12 చొప్పున 72. మొత్తం 1,548 రూపాయలు. ఆరుగురికి మనిషికి 258. ఈ మొత్తం కోసమా ఇంత గొడవ అని మా సంఘంలో ఒకరు అన్నారు. ఆ 258 రూపాయలు అందుకున్నప్పుడు వాళ్లు లెక్కపెట్టుకున్న తీరు ఆయన చూసి ఉంటే అలా అనేవారు కాదు.

ఇలాంటి సేవ తీసుకోబోయేవాళ్లకు నా సలహా: బేరం డబ్బాల సంఖ్య దగ్గర మొదలుపెట్టకండి. సీసాలు, అట్టలు అమ్మిన డబ్బు ఎవరిదో ముందు అడగండి, కాగితం మీద రాయించండి. తడి చెత్త బండి ఆలస్యమైతే ఎన్ని గంటలకు ఎంత కోత అన్నదీ రాయించండి. కొననివి ఎక్కడికి వెళతాయో నోటితో చెప్పించుకోండి. తూకం మీ కళ్ల ముందు జరగాలి. ఇంకొకటి, లైసెన్సు లేని చోట వందమందికి మించి జనం చేరే కార్యక్రమాల గురించి మూడు పనిదినాల ముందే మునిసిపాలిటీ వంటి స్థానిక సంస్థకు తెలియజేయాలనీ, చెత్త వేరుచేయించే బాధ్యత నిర్వాహకులదేననీ 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే ఉండేది. మేము ఉత్తరం ముందుగా ఇచ్చాము, దానివల్ల ఏ పనికీ ఆటంకం రాలేదు.

ఐదు మార్కులకు మూడున్నర ఇస్తున్నాను. డబ్బాలకు, ఆ కుర్రాడి ఓపికకు, అతని ప్రయోగానికి, చీటీకి, తప్పు ఒప్పుకున్న యజమానికి ఆ మూడున్నర. రాత్రి రాని ఫోనుకు ఒకటి, బ్యానరుకు అర తీసేశాను. వాళ్లనే మళ్లీ పిలుస్తామా అంటే, పిలుస్తాము.

వచ్చే ఏడు పోటీలకు ఒప్పందం రాయడానికి ముందు పెద్దామె దగ్గరకు వెళ్లి ఏమి ఉంటే పని బాగా సాగుతుందని అడిగాను. ఆలోచించి మూడు చెప్పింది. వేరుచేసే బల్ల మీద నీడ, పక్కనే నీళ్ల కొళాయి, కొట్టువాడి కాంటా కాకుండా తమదైన కాంటా ఒకటి. మొదటి రెండూ ఒప్పందంలో మొదటి పేజీలో రాయించాను. కాంటా పోయిన వారం గవర్నర్‌పేటలో కొన్నాను. పోటీలయ్యాక అది వాళ్ల దగ్గరే ఉంటుంది.